పరీక్షకు అందని చదువు: గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితం

పిల్లవాడు బడినుండి ఇంటికి రాగానే ఈ రోజు ఏమి నేర్చుకొన్నావని అడిగే తలిదండ్రులు తక్కువ. ఎన్ని మార్కులు వచ్చినవని అడిగేవారే ఎక్కువ. ఇందులో తలిదండ్రులను నిందించవలసినది లేదు. కళాశాలలో స్థానం దొరకాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా మార్కుల పట్టీయే ఆధారం. ఉద్యోగ ధర్మంగా సముద్రం దాటి ఈ ద్వీపాలకు వచ్చిన మన కుటుంబాలకు ఈ చింత మరికొంత హెచ్చు. పిల్లలు పై చదువులకు తిరిగి సముద్రం దాటవలసినవారే గదా! అందుచేత పరీక్ష ఏది అడుగుతుందో అదే చదువుగా, అడగనిది చదువు కానట్లుగా మన ఇండ్లలో ఒక భావం స్థిరపడిపోయినది.

ఈ భావం నేటిది కాదు. నూరు సంవత్సరాలకు పూర్వమే ఒక తెలుగు ఉపాధ్యాయుడు దీనిని గుర్తించినారు. పరీక్ష కాగితం మీద పిల్లవాడు తన మాటను తాను వ్రాసుకోలేకపోతే వాని ఆలోచన కూడ వానిది కాకుండా పోతుందని ఆయన గ్రహించి, ఆ ఒక్క విషయం కోసం దాదాపు ముప్పది సంవత్సరాలు పోరాడినారు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ పితామహుడుగా వారి పేరు తెలియని తెలుగువారు లేరు. కాని ఆ ఉద్యమం ఒక పరీక్షలోని వ్యాసరచన ప్రశ్న చుట్టూ రగుల్కొన్నదన్న సంగతి చాలమందికి జ్ఞాపకం లేదు. ఆ సంగతినే ఇక్కడ ముఖ్యంగా వివరింపదలచినాము.

పంతులుగారు 1863వ సంవత్సరం ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళం ప్రాంతంలో, శ్రీముఖలింగానికి సమీపాన గల పర్వతాలపేట గ్రామంలో జన్మించినారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. ఈనాడు అండమాన్ దీవులలో స్థిరపడిన తెలుగువారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం జిల్లాలవారు అధిక సంఖ్యాకులు. కావున పంతులుగారు మనలో పెక్కుమందికి ఊరివారే. చాతంలోను, హడ్డోలోను మన ఇండ్లలో వినబడే యాస ఆయన చిన్ననాట విన్న యాసకు మిక్కిలి దగ్గరిది.

వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయిన పిమ్మట 1875లో జ్వరంతో మరణించినారు. అప్పటికి రామమూర్తిగారికి పన్నెండేండ్లు. విజయనగరంలో మేనమామగారి ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులైనారు. గురజాడ అప్పారావుగారు అక్కడ వారి సహాధ్యాయి. సాగినంతవరకు చదవడానికి ఇంటి పరిస్థితులు అనుకూలింపలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతం మీద ఉపాధ్యాయులుగా చేరినారు. ఆ తరువాత ఉద్యోగం చేసుకొంటూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ.లోను, కొంతకాలానికి చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ.లోను కృతార్థులైనారు. పరీక్షలంటే ఆయనకు భయం గాని, వానిపై ద్వేషం గాని లేవని దీనివలన తెలుస్తున్నది. పరీక్షలలో ఓడినవాడు పరీక్షను తిట్టుట వేరు. గెలిచినవాడు దాని లోపం చెప్పుట వేరు. పంతులుగారు రెండవ కోవకు చెందినవారు.

అయితే ఆయనకు కీర్తి తెచ్చిన చదువులు రెండూ ఏ పరీక్షకూ పఠనీయాలు కావు.

అందులో మొదటిది శాసనాల చదువు. శ్రీముఖలింగ క్షేత్రంలోని ఆలయాల గోడల మీద, స్తంభాల మీద ప్రాచీన శాసనాలు ఎన్నో కలవు. చిన్ననాటినుండి వానిని చూచిన రామమూర్తిగారికి ఆ అక్షరాలలో ఏమున్నదో తెలిసికొనవలెనన్న కోరిక కలిగినది. నేర్పే గురువు లేడు. లిపి శాస్త్ర గ్రంథాలు సంపాదించి, అక్షరానికి అక్షరం పోల్చుకొంటూ తమంతట తామే నేర్చుకొన్నారు. కళింగ దేశాన్ని ఏలిన గాంగవంశపు రాజులను గురించి శాసనాధారాలతో ఆంగ్లంలో వ్యాసాలు వ్రాసినారు.

రెండవది సవర భాష. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు అప్పటికి లిపి లేదు, నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. ఆ భాష వచ్చినందువలన ఉపాధ్యాయునికి ఒక రూపాయి జీతం పెరిగే అవకాశం కూడ లేదు. అయినను పంతులుగారు తెలుగు తెలిసిన ఒక సవర యువకుని తమ ఇంట ఉంచుకొని వానివద్ద ఆ భాష అభ్యసించినారు. కొండలెక్కి సవర పల్లెలలో తిరిగి వారి మాటలను, కథలను, పాటలను సేకరించినారు. ఆ అడవులలో పట్టుకొన్న మలేరియా జ్వరానికి వాడిన క్వినైనా మందు మూలంగా వారికి చెవుడు వచ్చినది. మాటల ధ్వనులకై జీవితం ధారపోసినవాని చెవులే పోవుట విధి వైపరీత్యం. అయినను పని మానలేదు. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు వ్రాసినారు. సొంత ఖర్చుతో బడి నడిపినారు. ఈ కృషికి గాను మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా తమకు ధనం వద్దని, దానికి బదులు సవరలకు బడులు పెట్టించవలసినదని కోరినారు. వారి సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడినది. నిఘంటువు కూడ తరువాత అచ్చయినది.

సవర బాలునికి చదువు చెప్పుటలో పంతులుగారు ఒక సత్యాన్ని ప్రత్యక్షంగా చూచినారు. తల్లివద్ద నేర్చిన మాటతో మొదలు పెడితే పిల్లవాడు వెంటనే ప్రశ్నిస్తాడు, కథ చెబుతాడు, ఎదురు చెబుతాడు. తెలియని భాషతో మొదలు పెడితే చెప్పినది వల్లించి ఊరుకొంటాడు. సవరల విషయంలో కనుగొన్న ఈ సత్యాన్ని తెలుగు పిల్లల విషయానికి అన్వయించి చూచుకొనే అవకాశం వారికి కొద్ది కాలంలోనే కలిగినది.

1907 ప్రాంతంలో ఉత్తర మండలాలకు జె.ఏ. యేట్సు అనే ఆంగ్లేయుడు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చినాడు. దేశభాషలు నేర్పవలసిన పద్ధతిని గూర్చి ఆలోచించినవాడాయన. తెలుగు తరగతులు చూచినప్పుడు ఆయనకు ఒక సందేహం కలిగినది. ఉపాధ్యాయుడు మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో ఉన్న తెలుగు వేరు. వాడుకలో ఉన్న తెలుగును బడిలో ఎందుకు నేర్పరు? విశాఖపట్టణంలో ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడవారు, పర్లాకిమిడిలో గిడుగువారు ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకొన్నారు. పంతులుగారు హెన్రీ స్వీటు వంటి పాశ్చాత్య భాషా శాస్త్రవేత్తల గ్రంథాలు చదివి, సజీవ భాషను ఎట్లు పరిశీలించవలెనో అప్పటికే తెలిసికొని ఉన్నారు.

ఆనాటి విద్యార్థి అవస్థను నేటివారు ఊహించుట కష్టం. ఇంటివద్ద అతడు వచ్చాడు, వెళ్తున్నాను, చూశాం అని మాట్లాడుతాడు. బడిలో వ్యాసం వ్రాసేటప్పుడు వచ్చెను, వెళ్ళుచున్నాను, చూచితిమి అని వ్రాయవలెను. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రమాణం. సంధి చేయవలసినచోట చేయకున్న తప్పు. అరసున్న విడిచిన తప్పు. బండి ఱ వ్రాయవలసినచోట సాధు రేఫం వ్రాసిన తప్పు. ప్రతి తప్పునకు మార్కు తగ్గును. ఇట్టి పరీక్షలో తెలివిగల విద్యార్థి ఏమి చేస్తాడు? తాను చూచినది, తనకు తోచినది వ్రాయడు. తప్పు పోకుండా వ్రాయగలిగినదే వ్రాస్తాడు. ఉపాధ్యాయుడు దిద్ది ఇచ్చిన వ్యాసాలను కంఠస్థం చేసి, ఏ ప్రశ్న వచ్చినను వానిలో ఒకదానిని అతికిస్తాడు. వర్షాకాలాన్ని గురించి వ్రాయమంటే తన ఊరి చెరువు నిండిన సంగతి వ్రాయడు. పుస్తకంలోని మేఘాలను వర్ణిస్తాడు. కొన్నేండ్లు ఇట్లు గడిచిన పిమ్మట తన చెరువును గూర్చి వ్రాయవచ్చునన్న తలంపే వానికి రాదు. సృజనశక్తి ఒక్క దినాన చచ్చేది కాదు. వాడుక లేక క్రమంగా ఎండిపోయేది.

మందు ఎక్కడ వేయవలెనో కూడ పంతులుగారికి తెలిసినది. పాఠ్య పుస్తకాలు మార్చినంత మాత్రాన చాలదు. ఉపాధ్యాయులకు హితబోధ చేసినంత మాత్రాన చాలదు. పరీక్ష ఏది కోరునో బడి అదే నేర్పును. కావున మార్పు పరీక్ష కాగితం నుండియే ప్రారంభం కావలెను.

1911లో వారు ముప్పది సంవత్సరాల ఉద్యోగం నుండి విరమించి ఈ పనికి పూర్తిగా పూనుకొన్నారు. 1912–13లో స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసాన్ని కావ్య భాషలో గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని విద్యార్థులకు స్వేచ్ఛ లభించినది. గ్రాంథికం వ్రాయదలచినవారిని ఎవరూ వద్దనలేదు. రెండు దారులు తెరచి, ఏది కావలెనో పిల్లవానినే ఎంచుకొమ్మన్నారు. అంతే.

అంత మాత్రానికే ఆంధ్రదేశం అట్టుడికినట్లు ఉడికినది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులుగారు, మరి ఎందరో పండితులు దీనిని తీవ్రంగా ప్రతిఘటించినారు. సభలు జరిగినవి, విజ్ఞప్తులు ప్రభుత్వానికి వెళ్ళినవి. వారి వాదన తేలికగా తీసివేయదగినది కాదు. వాడుక భాష జిల్లాకు ఒక తీరుగా ఉన్నది; ఏ వాడుకను ప్రమాణంగా తీసికొనవలెను? తెలుగువారినందరిని ఒకటిగా కట్టి ఉంచినది గ్రంథ భాషయే గదా. దానిని విడిచిన పిల్లలు రేపు భారతాన్ని, భాగవతాన్ని ఎట్లు చదువుతారు? ఇది వారి ఆవేదన. వారును తెలుగు మీది ప్రేమతోనే మాట్లాడినారు.

పంతులుగారు దీనికి ఆవేశంతో గాక ఆధారాలతో సమాధానం చెప్పినారు. 1913లో ఆధునికాంధ్ర భాషను గురించి ఆంగ్లంలో ఒక విజ్ఞాపన పత్రం ప్రకటించినారు. పూర్వ కవుల కావ్యాలనుండి, శాసనాలనుండి, పాత వచన గ్రంథాలనుండి వందలకొద్ది ప్రయోగాలు ఎత్తి చూపినారు. భాష ఎన్నడును ఒకచోట నిలిచి ఉండలేదని, చదువుకొన్న శిష్టుల వాడుకలో అన్ని జిల్లాలకు సామాన్యమైన రూపం ఒకటి ఏర్పడినదని నిరూపించినారు. ఇంతేగాక వ్యాకరణ శుద్ధిని కోరే పండితుల రచనలనే తీసి చూచి, వానిలో ఆ వ్యాకరణానికే విరుద్ధమైన రూపాలు ఎన్ని దొర్లినవో బయట పెట్టినారు. ఇందులో పరిహాసం లేకపోలేదు గాని, అంతరార్థం వేరు. జీవితమంతా చదివిన పండితులే తప్పు లేకుండ వ్రాయలేని భాషలో పదునైదేండ్ల బాలుని పరీక్షించి తప్పులు లెక్కపెట్టుట న్యాయమా అన్నదే వారి ప్రశ్న.

ఆనాడు పంతులుగారు ఓడిపోయినారు. మద్రాసు విశ్వవిద్యాలయం వ్యాసరచన విషయమై నియమించిన సంఘంలో గ్రాంథిక వాదులదే పైచేయి అయినది. ఆ సంఘంలో ఉండిన గురజాడవారు 1914లో తమ అసమ్మతిని సుదీర్ఘమైన పత్రంగా వ్రాసి సమర్పించినారు. స్కూలు ఫైనలులో ఇచ్చిన స్వేచ్ఛ కూడ ఎంతోకాలం నిలువక రద్దైనది. 1915 నవంబరు 30న గురజాడవారు కాలధర్మం చెందినారు. పర్లాకిమిడిలో చెవుడు ముదిరిన రామమూర్తిగారు దాదాపు ఒంటరివారైనారు.

ఇట్టి సమయంలో సామాన్యులు విశ్రాంతి తీసికొంటారు. పంతులుగారు ఊరూర తిరుగసాగినారు. సభలలో గంటల తరబడి ఉపన్యసించినారు. ఎదుటివారి ఆక్షేపణ చెవికి వినబడకున్న కాగితం మీద వ్రాయించుకొని సమాధానం చెప్పేవారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులైనారు. గ్రాంథికంలో అంతటి వాఙ్మయం సృష్టించిన వీరేశలింగంగారు తమ చివరి రోజులలో ఈ పక్షానికి వచ్చుట సామాన్య విషయం కాదు. అదే సంవత్సరంలో పంతులుగారు తెలుగు అనే మాసపత్రికను స్థాపించి కొంతకాలం నడిపినారు. బాలకవి శరణ్యం, గద్య చింతామణి మొదలైన గ్రంథాలలో యువ రచయితలకు అండగా పూర్వుల ప్రయోగాలను పోగు చేసినారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికం మీది నిషేధాన్ని తొలగించినది. 1925లో తణుకులో జరిగిన పరిషత్తు సభలో పంతులుగారు గంటలకొద్ది ప్రసంగించి, ఒకప్పటి ప్రతిపక్ష వేదిక మీదనే శ్రోతలను మెప్పించినారు.

ప్రభుత్వం 1934లో కైజర్-ఇ-హింద్ పతకంతోను, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో కళాప్రపూర్ణ బిరుదంతోను వారిని గౌరవించినవి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, అర్ధ శతాబ్దికి పైగా నివసించిన ఊరిని వదలి పంతులుగారు రాజమహేంద్రవరానికి తరలి వచ్చినారు. 1940 జనవరిలో మద్రాసులో పత్రికా సంపాదకులను కలిసి, వాడుక భాషను పత్రికలలో నిలుపవలసినదని కోరినారు. కొద్ది దినాలకే, ఆ నెల 22వ తేదీన, తనువు చాలించినారు.

వారి కోరిక వారి వెనుక నెరవేరినది. పత్రికలు, కథలు, నవలలు వాడుక భాషను స్వీకరించినవి. క్రమంగా పాఠ్య పుస్తకాలును, పరీక్షలును ఆ దారి పట్టినవి. ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా నేడు జరుపుకొంటున్నాము. పిల్లవాడు వచ్చాడు అని వ్రాసినందుకు ఈనాడు ఎవరూ మార్కు తగ్గించరు.

మరి పంతులుగారు కోరినదంతా సిద్ధించినదా? ఇచ్చట మనం నిదానించి ఆలోచించవలెను. ఆయన పోరాడినది క్రియారూపాల కోసం మాత్రమే కాదు. పిల్లవాడు తన కంటితో చూచినదానిని తన మాటతో చెప్పగలుగుట కోసం. భాష మారినది గాని వల్లెవేయుట మారలేదు. ఆనాడు గ్రాంథిక వ్యాసాలను కంఠస్థం చేసేవారు. ఈనాడు వాడుక భాషలోనే అచ్చైన గైడు పుస్తకాల జవాబులను కంఠస్థం చేస్తున్నారు. నాలుగు జవాబులలో సరియైనదానికి గుర్తు పెట్టే ప్రవేశ పరీక్షల కోసం, మన తెలుగు రాష్ట్రాలలో ఎందరో బాలబాలికలు ఇంటర్మీడియెట్ రెండేండ్లు హాస్టలు గోడల మధ్య గడుపుతున్నారు. అట్టి పరీక్షలో పిల్లవాడు ఒక్క వాక్యమైనను సొంతంగా వ్రాయవలసిన పని లేదు. పైగా పెక్కు ఇండ్లలో తెలుగును కూడ మార్కులు బాగా వస్తే ఉంచుకొనే విషయంగా, రాకపోతే మార్చుకొనే విషయంగా చూస్తున్నారు.

పరీక్షలు వద్దని మనం అనుట లేదు. పంతులుగారును అనలేదు. చాతంలో నివసించే మనకు కొలత విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. 1883లో స్థాపించబడిన మన రంపపు మిల్లులో పడౌక్ దూలమైనను, గర్జన్ దూలమైనను కొలత లేనిదే పలక కాదు. అయితే కొలబద్ద పలకను కొలుస్తుంది గాని చెట్టును పెంచదు. పెంచే పని అడవిలో, ఎండలో, వానలో జరుగుతుంది. పరీక్షయును అంతే. దాని పని అది చేయును. పెంచే పని ఇంటిలోను, బడిలోను, ఇట్టి సంఘాలలోను జరుగవలెను.

ఈ విషయంలో మన సంఘం చేయగలిగినది కొంత ఉన్నది. మనం పిల్లలకు పెట్టే వ్యాసరచన పోటీలలో ఏ గైడు పుస్తకంలోను దొరకని విషయాలు ఇవ్వవచ్చును. విశాఖపట్టణం నుండి ఓడలో వచ్చిన ప్రయాణం, చాతం వంతెన మీద సాయంకాలం, నాయనమ్మ చెప్పే ఊరి పండుగ, పక్కింటి బెంగాలీ మిత్రుని ఇంటి వంట: ఇట్టివి వ్రాయమనవచ్చును. పిల్లలు ఇంటి యాసలో వ్రాసినను, మధ్య ఒక హిందీ మాట దొర్లినను మార్కు తగ్గించకుండ, ఎవరు తాము చూచినది వ్రాసినారో వారికి బహుమతి ఇవ్వవచ్చును. అక్షర దోషాలు తరువాత దిద్దవచ్చును. సొంత మాట రానివ్వకుండ ముందే దిద్దుటకు పూనుకొంటే, దిద్దడానికి ఏమియు మిగలదు.

ఇక ఇంటివద్ద చేయవలసినది ఇంకను సులభం. మార్కులు అడిగిన తరువాతనైనను, ఈ రోజు క్రొత్తగా ఏమి చూచినావురా, ఏమి చూచినావమ్మా అని అడిగి, వారు చెప్పినంతసేపు ఓపికతో వినవలెను. చెవులు పోయిన తరువాత కూడ ఎదుటివాని మాట తెలిసికొనడానికి తపించిన మహానుభావుని పేరు చెప్పుకొనే మనం, మన పిల్లల మాటకు రోజూ కొంతసేపు చెవి ఒగ్గుటే వారికి ఈయదగిన నివాళి.